ఇంగ్లీషు అక్షరాలు వెనక అట్టకు పోవాలి

గుడిలో పంచే పుస్తకాల గురించి ఈసారి కొంచెం గట్టిగానే రాస్తున్నాను. ప్రతి శ్రావణ మాసానికి ముందు ఎవరో ఒకరు లక్ష్మీ అష్టోత్తరం, నాలుగైదు భజనలు ఇంట్లో టైపు చేసి, ప్రింటు తీయించి, స్పైరల్ వేయించి తెస్తారు. ఆ ఓపికకు దండం. కానీ తెరిచి చూస్తే తెలుగు పాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఎందుకని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "ఇక్కడి పిల్లలకు తెలుగు చదవడం రాదు కదండీ!"

రాదు. ఎలా వస్తుంది? సింగపూర్‌లో తమిళం అధికార భాష, కాబట్టి అది బడిలో ఉంది. తమిళం వద్దనుకునే భారతీయ పిల్లలకు బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. ఆ జాబితాలో తెలుగు లేదు. అంటే చాలామంది పిల్లల చేతికి తెలుగు అచ్చు వచ్చేది గుడిలోనే. అక్కడ కూడా మనం ఇంగ్లీషు అక్షరాలే ఇస్తే, ఇక వాళ్ళు తెలుగు అక్షరం ఎక్కడ చూడాలి?

పోనీ, పలకడానికైనా పనికొస్తుందా? "pata" అని రాస్తే చాలు అంటారు, ఇంగ్లీషులో. అది పాటా, పాతా? "kallu" అని రాస్తే కళ్ళా, కల్లా? అమ్మవారి కళ్ళను పొగిడే పాటలో పిల్లవాడు కల్లు అని పాడితే తప్పు పిల్లవాడిది కాదు, పుస్తకం వేసినవాళ్ళది. అక్షరాల కింద చుక్కలు, పైన గీతలు పెడతాం అంటారు కొందరు. ఆ చుక్కలు నేర్చుకునే సమయంలో మన అక్షరాలే నేర్చుకోవచ్చు.

త్యాగరాజ కృతులు పాడే తమిళులను చూడండి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం. అందుకని వాళ్ళ పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేస్తారు. మన మాట సరిగ్గా పలకాలని పక్క భాషవాళ్ళు అంత శ్రమ పడుతున్నారు.

ఇంకో వాదన: "రెండూ పక్కపక్కన వేద్దాం, ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకుంటారు." వినడానికి న్యాయంగానే ఉంది. కానీ కన్ను తనకు సులువైన వైపే పోతుంది. పక్కన ఇంగ్లీషు ఉంటే తెలుగు ముగ్గులాగా అందంగా ఉండిపోతుంది, ఎవరూ చదవరు. పైగా రెండు వరుసలు పట్టాలని తెలుగును పది పాయింట్లకు కుదిస్తారు.

తెలుగుకు కిందా పైనా చోటు కావాలండీ. వత్తులు కింద ఉంటాయి. వర్డ్‌లో లైన్ స్పేసింగ్‌ను "ఎగ్జాక్ట్‌లీ" అని పెట్టి చిన్న అంకె ఇస్తే వత్తు తెగిపోతుంది. అమ్మ కాస్తా "అమ" అవుతుంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క "జ్ఞా" తెర మీదకు వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి, గుర్తుందా? ఆపిల్ కంపెనీయే మన వత్తు కోసం ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. మనం రెండు కాగితాలు ఎక్కువ ఖర్చు పెట్టలేమా?

నేను అడిగేది ఇది. ఏ5 సైజు. తెలుగు 16 పాయింట్లు, లైన్ స్పేసింగ్ ఒకటిన్నర. పేజీకి 12 నామాలు వేస్తే 108 నామాలకు సరిగ్గా 9 పేజీలు. నామాలను రెండు వరుసలుగా వేయకండి. సగం మంది పైనుంచి కిందికి, సగం మంది అడ్డంగా చదువుతారు, రెండో నామం దగ్గరే గోల మొదలవుతుంది. స్పైరల్ వైపు కనీసం 20 మిల్లీమీటర్లు వదలండి, లేకపోతే రంధ్రాలు అక్షరాల మీద పడతాయి. కాగితం రెండో వైపు ఆ మార్జిన్ కుడికి మారాలి. మార్చకపోతే ముందు పేజీలో "ఓం" బతుకుతుంది, వెనక పేజీలో "నమః" పోతుంది. షాపుకు వర్డ్ ఫైలు ఇవ్వకండి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇవ్వండి. సన్‌షైన్ ప్లాజాలో ప్రింటు చేసే అబ్బాయికి తెలుగు రాదు, అక్షరాలు చెదిరినా అతనికి తెలియదు.

పిన్నులు కొట్టిన పుస్తకం దానంతట మూసుకుపోతుంది. స్పైరల్ పుస్తకం నేల మీద పరుచుకుని ఉంటుంది, రెండు చేతులూ తాళానికో కుంకుమకో ఖాళీగా ఉంటాయి. అందుకే నాకు స్పైరల్ ఇష్టం.

ఇంగ్లీషు అక్షరాలు పూర్తిగా తీసేయమని నేను అనడం లేదు. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్ళు, వేరే భాష కోడళ్ళు, అల్లుళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసం వెనక అట్ట నుంచి, తలకిందులుగా వేయండి. పుస్తకం తిప్పి పట్టుకుంటే అది మామూలుగానే కనిపిస్తుంది. రెండు వైపులా పేజీ నంబర్లు ఒకటే ఉండాలి, "ఏడో పేజీ" అంటే అందరికీ అదే పాట రావాలి. ముందు అట్ట తెరిస్తే మాత్రం తెలుగే. ఈ సంవత్సరం పుస్తకం ఎవరు వేస్తున్నారో చెప్పండి, టైపింగ్ నేను చేసి పెడతాను.