ఆ ఇరవై నాలుగు ఎవరివి?

ఎన్టీఆర్ గొప్పా, ఏయన్నార్ గొప్పా అని మన నాన్నలూ బాబాయిలూ గొంతులు పోయేలా వాదించుకున్న అరుగుల మీదే ఇప్పుడు మనవలు కూర్చుని ఫెదరరా, నాదలా, జొకోవిచ్చా అని వాదించుకుంటున్నారు. నల్లగొండ అల్లుడు పాలమూరు అత్తవారింటికి వచ్చాడంటే, అందులోనూ వింబుల్డన్ రోజులైతే, ఇక చూసుకోండి. బావ నాదల్ మనిషి. బావమరిది ఫెదరర్ మనిషి. "మావోనికి ఫ్రెంచి ఓపెన్‌లు 14" అంటాడు ఒకడు. "మట్టిల పొర్లుడు గాదు బావా, గడ్డి మీద మావోనివి 8" అంటాడు ఇంకొకడు. "మీ 20, మీ 22 పక్కన పెట్టుండ్రి. మావోనివి 24" అని జొకోవిచ్ తరఫు మూడో గొంతు. ఫెదరర్ 2022లోనూ, నాదల్ 2024లోనూ రాకెట్లు కింద పెట్టేశారు గానీ, వీళ్ళ ఆటకు మాత్రం విరమణ లేదు.

నాకు ఈ పరాచికాలంటే కిట్టదనుకోకండి. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళు పాటలు కట్టి ఒకరినొకరు ఎత్తిపొడుచుకోలేదూ? బావామరదళ్ళు మేలమాడుకోలేదూ? అయితే వాటికో నియమం ఉంది. ఒక మాట అన్నవాళ్ళు ఒక మాట పడాలి. జవాబు చెప్పే హక్కు లేనివాళ్ళ మీద విసిరేది పరాచికం కాదు, చిన్నచూపు. నా తగవల్లా అక్కడే.

అదే ఇంట్లో కోడలు టీ గ్లాసులు అందిస్తూ "స్టెఫీ గ్రాఫ్‌కి కూడా 22 ఉన్నై గద?" అందనుకోండి. గది ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది. తర్వాత "ఆడోళ్ళ ఆట లెక్క వేరు వదినె, నువ్వు ఊకో" అని ఓ నవ్వు. అంతటితో సరి. ఆవిడ మాట తప్పని ఎవరూ నిరూపించరు. అసలు లెక్కలోకే తీసుకోరు.

లెక్క అన్నారు కాబట్టి లెక్కే చూద్దాం. జొకోవిచ్ 24వ సింగిల్స్ టైటిల్ 2023 యు.ఎస్. ఓపెన్‌లో గెలిచాడు. ఆస్ట్రేలియా మనిషి మార్గరెట్ కోర్ట్ తన 24వది అదే యు.ఎస్. ఓపెన్‌లో, 1973లో గెలిచింది. సరిగ్గా 50 ఏళ్ళ ముందు! సెరీనా విలియమ్స్‌వి 23. మరి ఆ ఇరవై నాలుగు మొదట ఎవరివి నాయనా?

"కోర్ట్ గెలిచినవాటిలో 13 ప్రొఫెషనల్స్‌ను రానివ్వని కాలంలోవి" అంటారా? అనండి! అదే నాకు కావలసింది. వాదించండి, మేమూ వాదిస్తాం. సెరీనావి ఇరవైమూడూ ఆ తర్వాతి కాలంలోవే అంటాం. "మగవాళ్ళు ఐదు సెట్లు ఆడతారు, వాళ్ళు మూడే" అంటారా? మూడు సెట్లని నియమం పెట్టింది ఆడిన ఆడపిల్ల కాదు. అయినా పేజీలు లెక్కపెట్టి నవలకు విలువ కడతామా?

ఈ మతిమరుపు మన ఇళ్ళకే పరిమితం కాదు. 2017 వింబుల్డన్‌లో సామ్ క్వెరీ చేతిలో ఓడిన ఆండీ ముర్రేతో ఓ విలేకరి, 2009 తర్వాత గ్రాండ్‌స్లామ్ సెమీస్ చేరిన మొదటి అమెరికన్ క్వెరీయే అన్నాడు. మగవాళ్ళలో మొదటివాడు అని ముర్రే అక్కడికక్కడే సవరించాడు. విలియమ్స్ అక్కచెల్లెళ్ళు ఆ మధ్యకాలంలో ఎన్ని సెమీస్ ఆడారో ఆ విలేకరికి గుర్తు లేదు. ఓడిపోయి వచ్చిన మనిషికి గుర్తుంది. అలాంటి అభిమానులు మనకూ కావాలి.

ఇక మన సానియా సంగతి. పాలమూరుకూ నల్లగొండకూ వందేసి కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదులో పెరిగిన పిల్ల. గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు ఆరు, మూడు మహిళల డబుల్స్‌లో, మూడు మిక్స్‌డ్‌లో. 2015లో డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి ర్యాంకు. "డబుల్సే కదా!" అని పెదవి విరుస్తారు. ఆ నోటితోనే "మన లియాండర్ పేస్‌కి 18" అని మీసం మెలేస్తారు. అయ్యా, ఆ పద్దెనిమిదీ డబుల్సూ, మిక్స్‌డ్ డబుల్సే! ఒక్క సింగిల్స్ లేదు. పేస్ గొప్పవాడు, సందేహమే లేదు. అతని డబుల్స్ బంగారమైతే మా అమ్మాయి డబుల్స్ గిల్టు ఎలా అయింది?

అంతేనా? 2014లో ఆమెను తెలంగాణకు ప్రచారకర్తగా నియమిస్తే, ఒక నాయకుడు "పాకిస్తాన్ కోడలు" అని ఆక్షేపించాడు. ఏ ఆటగాడినైనా ఫలానా ఊరి అల్లుడని చెప్పి అతని ఊరికి దూరం చేశారా? గెలిచిన కప్పులు పక్కకు పోయి, మెట్టినిల్లు ముందుకొచ్చింది. కోడళ్ళమైన మనకు ఆ మాట రుచి కొత్తగా చెప్పాలా?

స్నేహంగా పోటీపడటం ఎలాగో నేర్చుకోవాలన్నా ఆడవాళ్ళ దగ్గరకే రావాలి. క్రిస్ ఎవర్ట్, మార్టినా నవ్రతిలోవా 1973 నుంచి 1988 దాకా 80 సార్లు తలపడ్డారు. మార్టినావి 43, క్రిస్‌వి 37. సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు మాత్రం ఇద్దరికీ సమానంగా 18. చివరికి ఇద్దరికీ కాన్సర్ వచ్చింది. క్రిస్ ఆ సంగతి 2022లో చెప్పింది, మార్టినా 2023లో. ఆ కష్టంలో ఒకరికొకరు తోడు నిలిచారు. ఎదుటి మనిషిని ఓడించడానికీ, ఆ మనిషిని ప్రేమించడానికీ మధ్య తగవు లేదని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? వీళ్ళ కథ తెలియకుండానే మన అరుగుల మీద టెన్నిస్ పండితులు తయారవుతున్నారు.

"ఏదో సరదాకి అనుకునే మాటలకు ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. సరదాగా అనే మాటలే పిల్లల చెవుల్లో నిలుస్తాయండీ. పక్కగదిలో హోంవర్కు రాసుకునే పదేళ్ళ పిల్ల వింటూనే ఉంటుంది. ఏ గెలుపు లెక్కకొస్తుందో, ఏది రాదో ఆ పిల్ల అక్కడే నేర్చుకుంటుంది. రేపు రాకెట్ కొనిపెట్టమని అడగాలా వద్దా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

కనుక అక్కలూ, వదినలూ! ఈసారి వింబుల్డన్‌కి మీరూ ఒక ఛాంపియన్‌ను పట్టుకోండి. ఎవరైనా సరే. ఆవిడ గెలిచినవి వేళ్ళ మీద పెట్టుకుని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని టీవీ ముందు చేరండి. ఒక మాట అనండి, ఒక మాట పడండి. టీ సంగతంటారా? 24 దాకా ఒంట్లు వచ్చినవాళ్ళకు నాలుగు గ్లాసుల నీళ్ళు కొలవటం రాకపోదు.