తిరిగొచ్చిన కూతురు చుట్టం కాదు

డిగ్రీ పూర్తయిన కొడుకు పెట్టె సర్దుకుని ఇంటికొస్తే ‘ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నాడు’ అంటారు. అదే డిగ్రీ చదివిన కూతురు హాస్టల్ ఖాళీ చేసి వస్తే ‘సంబంధాలు చూస్తున్నాం’ అంటారు. ఇల్లు ఒకటే, కన్నవాళ్ళు ఒకటే, నిరుద్యోగమూ ఒకటే. మాట మాత్రం రెండు రకాలు. ఎందుకిలా అని మనం అడగం. అడగకపోవడం మీదే ఈ పద్ధతి నడుస్తోంది.

నేనుండేది యాకుత్‌పురాలో. రెయిన్ బజార్ నుంచి తలాబ్ చంచలం దాకా ఏ గల్లీలోకి వెళ్ళినా చదువుకున్న ఆడపిల్లలు కనిపిస్తారు. హుసేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీకి, కోఠీ మహిళా కళాశాలకు వెళ్ళి చదివినవాళ్ళున్నారు. గచ్చిబౌలి హాస్టల్లో ఉండి మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో పీజీ చేసినవాళ్ళున్నారు. వాళ్ళను చదివించడానికి తల్లులు కార్చోబ్ పని చేశారు, అగరుబత్తీలు చుట్టారు, గాజులకు రాళ్ళు అతికించారు. చదువు అయిపోయింది. పిల్ల ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి అదే కార్చోబ్ చట్రం ముందు తల్లి పక్కన కూర్చుంటోంది. పట్టా ట్రంకు పెట్టెలో ఉంది.

కొడుకు చట్రం ముందు కూర్చోడు. అప్పోసప్పో చేసి వాడిని అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌కు పంపుతారు. కూతురికి కోచింగ్ ఎందుకు, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చుగా అంటారు. మన రాష్ట్రంలో 2017 టీచర్ పోస్టుల నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ పోస్టులు భర్తీ అయ్యింది 2024లో, 11,062 పోస్టుల నోటిఫికేషన్‌తో. ఆ ఏడేళ్ళూ బి.ఎడ్. చదివిన అబ్బాయి ఎదురుచూస్తే ‘ప్రిపేర్ అవుతున్నాడు’ అన్నారు. బి.ఎడ్. చదివిన అమ్మాయి ఎదురుచూస్తే ‘వయసు మీదపడుతోంది’ అన్నారు. నోటిఫికేషన్ ఇవ్వనిది సర్కారు, నింద మోసింది ఆడపిల్ల.

‘మా ఇంట్లో తేడా లేదు, తిండి ఇద్దరికీ సమానంగానే పెడతాం’ అనేవాళ్ళున్నారు. తిండి సంగతి సరే, చాకిరీ సంగతేమిటి? 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. మగవాళ్ళ లెక్క 97 నిమిషాలు. అదీ పనిచేసే మగవాళ్ళ లెక్కే. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు నూటికి 26 మంది మాత్రమే. తిరిగొచ్చిన కూతురు ‘ఖాళీగా కూర్చుని తింటోంది’ అనేవాళ్ళు ముందు ఈ అయిదు గంటలకు జీతం కట్టి చూపించాలి.

ఇందులో తల్లి పరిస్థితి కూడా చూడాలి. కొడుకు తిరిగొస్తే తల్లికి పని పెరుగుతుంది. వాడి బట్టలు, వాడి వేళకు భోజనం, రాత్రి పొద్దుపోయి వస్తే తలుపు తీయడం. కూతురు తిరిగొస్తే తల్లికి నడుం వాల్చే వీలు దొరుకుతుంది. అరిగిపోయిన ఒక ఆడమనిషి చాకిరీని ఇంకో ఆడమనిషి మీదికి మార్చి, ఆ ఇంట్లో అందరూ ప్రేమగా ఉన్నామనుకుంటారు. తల్లిని తప్పుపట్టి లాభం లేదు. ఆమెకు విశ్రాంతి ఇవ్వాల్సింది కూతురొక్కతే కాదు, ఇంట్లో ఉన్న మగవాళ్ళు.

‘రెండు గదుల కిరాయి ఇంట్లో ఎవరికని చోటిస్తాం?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాతబస్తీ బీదరికం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అదే రెండు గదుల్లో కొడుక్కి బల్ల పడుతుంది, ఫోను చార్జింగుకు ప్లగ్గు దొరుకుతుంది, తలుపు వేసుకునే హక్కు దొరుకుతుంది. ఇరుకు అందరిదీ అయినప్పుడు ఆ ఇరుకంతా ఒక్కరే ఎందుకు భరించాలి? 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. టికెట్టుకు డబ్బుల్లేవనే సాకు పోయింది. బస్సెక్కడానికి టికెట్ అక్కర్లేదు గానీ గడప దాటడానికి మాత్రం ఇంకా అన్నదమ్ముల దగ్గర టికెట్ తీసుకోవాల్సి వస్తోంది.

దీనికంతటికీ మూలం ఒక్కటే. ఇల్లు కొడుకుది, కూతురు పెళ్ళయ్యేదాకా ఆగిన చుట్టం. ‘ఆడ’పిల్ల అంటేనే అక్కడి పిల్ల అని మనవాళ్ళంటారు, మా పక్కింట్లో ‘పరాయా ధన్’ అంటారు. ఈ ఒక్క విషయంలో మతాల మధ్య కొట్లాటే లేదు.

చట్టం కూడా చాలాకాలం ఇదే పాట పాడింది. 1956 హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్ ప్రకారం కుటుంబం కాపురముండే ఇంట్లో మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా కూతురు వాటా అడగకూడదు. పెళ్ళికానిదో, భర్త వదిలేసిందో, భర్త నుంచి విడిపోయిందో, భర్త పోయిందో అయితేనే ఉండడానికి చోటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఇచ్చింది గానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళను పక్కన పెట్టింది. 23వ సెక్షన్ 2005లో గానీ పోలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ముస్లిం ఆడపిల్లకు షరియత్ వాటా చెప్పింది, కొడుకు వాటాలో సగం. ఆ సగమైనా ఎంతమంది చేతికొచ్చింది? ‘పెళ్ళిలో ఇచ్చేశాం కదా’ అనే మాట ఏ మతం ఇంట్లోనైనా ఒకేలా వినబడుతుంది. కట్నం తీసుకున్నది అత్తవారు, హక్కు పోగొట్టుకున్నది ఆమె.

2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టాన్ని మనం భార్యల చట్టంగానే చూస్తున్నాం. అది కూతుళ్ళకూ, అక్కచెల్లెళ్ళకూ, అన్ని మతాలవాళ్ళకూ వర్తిస్తుంది. ఆస్తిలో వాటా ఉన్నా లేకున్నా, ఇల్లు సొంతమైనా కిరాయిదైనా, ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని 17వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం ఆమెను ఇంటికి యజమానిని చేయదు. మెడపట్టి గెంటకుండా ఆపుతుంది. సంపాదన లాక్కోవడం, రోజువారీ ఖర్చులకు ఇవ్వకుండా వేధించడం ఆర్థిక హింస అని కూడా చెబుతోంది.

‘పెద్దయిన పిల్లల్ని ఎన్నాళ్ళు పోషిస్తాం?’ అని తల్లిదండ్రులు అడిగితే నేను కాదనను. ముసలివాళ్ళను పీడించే పిల్లల నుంచి కాపాడడానికి 2007లో చట్టం వచ్చింది, రావాల్సిందే. నా వాదన పిల్లల్ని జీవితాంతం మెయ్యమని కాదు. షరతులేవైనా ఇద్దరికీ ఒకటే ఉండాలని. నెలకింత ఇమ్మంటే ఇద్దర్నీ అడగండి. గిన్నెలు కడగమంటే ఇద్దరికీ చెప్పండి. రెండేళ్ళు గడువంటే ఇద్దరికీ గడువే.

కూతుళ్ళకు ఒక మాట. పెళ్ళి హడావుడిలో అన్నదమ్ములు తెచ్చిన హక్కు విడుదల కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి. కార్చోబ్ డబ్బులు మీ పేరు మీదున్న ఖాతాలోనే వేయించుకోండి. న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలు సాయం ఉచితం, వాడుకోండి.

తల్లులకు ఒక మాట. మీరు పుట్టింటికి వెళ్ళినప్పుడు చుట్టంలా ఎన్నాళ్ళుండగలిగారో మీకు తెలుసు. మీ కూతురికి అదే ఇల్లు మిగల్చకండి. ఆమె తిరిగొచ్చింది తన ఇంటికి. ఎప్పుడు వెళ్తావని అడిగే హక్కు ఎవరికీ లేదు, కొడుకును కూడా అదే అడిగే దమ్ముంటే తప్ప.