సీటు కవర్లకన్నా ముందు ఆ రేకు గోడ

పాత కారు కొనుక్కొచ్చి, తీరిక దొరికినప్పుడల్లా దాన్ని బాగుచేసుకునే సరదా మా గొల్లపల్లి వైపు కూడా ఉంది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లకైతే మరీను. మా మరిది తెచ్చింది అంబాసిడర్. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లోనే దాని తయారీ ఆగిపోయింది. ఉన్నవాటినే ఇలా బతికించుకోవాలి. ఆ సరదాతో నాకు పేచీ లేదు. డబ్బు ముందు దేనికి ఖర్చుపెట్టాలన్న దగ్గరే నా పేచీ అంతా.

ఇంజన్‌కూ మనం కాళ్లు పెట్టుకునే చోటుకూ నడుమ ఒక ఇనుప రేకు ఉంటుంది. మెకానిక్‌లు ఫైర్‌వాల్ అంటారు. పేరులోనే ఉంది, ఇంజన్ వైపు మంట లేస్తే మనం దిగి పరుగెత్తేదాకా ఆపాల్సిన గోడ అది. పాత బండిలో ఆ గోడ జల్లెడే. ఒక యజమాని ఏసీ గొట్టాలకు రెండు బెజ్జాలు కొట్టించాడు, ఇంకొకాయన గ్యాస్ కిట్టు పెట్టించి తీసేశాడు, హారన్ వైర్లకొకటి, లైట్లకొకటి. సామాను పోయింది, బెజ్జాలు మిగిలాయి.

"ఏం గాదొదినా, ఇంత ఎం-సీల్ ముద్ద పెడితే అయిపాయె" అన్నాడు మరిది. మన ఇళ్లల్లో నీళ్ల ట్యాంకుకు, పైపుకు అదే మందు కాబట్టి ఎవరికైనా ముందు అదే తోస్తుంది. కానీ కారు ట్యాంకులాగా కదలకుండా ఉండేది కాదు. ఇంజన్ వేడి, రోడ్డు కుదుపు రెండూ తగిలితే ఆ ముద్ద అంచుల దగ్గర ఊడుతుంది. డబ్బాల్లో వచ్చే నురుగు కొడితే ఇంకా ప్రమాదం, అది అంటుకుని మండుతుంది. గుడ్డపేలికలు కుక్కినవాళ్లనూ చూశాను.

ఆడవాళ్లం మనం ఇంకో సంగతి ఆలోచించాలి. "ఆమెకు కారు పడదు" అని మనలో ఎంతమందికి పేరు పడిపోలేదు! కుదుపుకు తిప్పేవాళ్లు ఉంటారు, నిజమే. కానీ పాత బండిలో తల పోటు, వికారం, మత్తుగా నిద్ర ముంచుకు రావడం, అద్దం దించగానే తేరుకోవడం ఉంటే పొగను అనుమానించాలి. సైలెన్సర్ గొట్టం ఇంజన్‌కు కలిసేచోట లీకైతే కార్బన్ మోనాక్సైడ్ ఆ బెజ్జాల్లోంచి లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. హిమోగ్లోబిన్‌ను పట్టుకోవడంలో ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా బలమైనది. అద్దాలు బిగించిన కారులో వెనక సీట్లో నిద్రపోయే పిల్లలు ఏమని చెబుతారు?

అందుకే పనికిరాని బెజ్జానికి వెల్డింగే సరైన పని అని నా వాదన. తుప్పు గీకి, పాత రేకు మందమే ఉన్న ముక్కను బెజ్జానికి సరిపడా కోసి, ఒక్కచోటే కాల్చకుండా అటొక చుక్క ఇటొక చుక్క పెడుతూ అతకాలి. లేకపోతే వేడికి రేకు వంకర పోతుంది. మేకు పట్టేంత చిన్నవాటికి వెనక రాగి ముక్క ఆనించి నింపుతారు, రాగికి వెల్డింగ్ అంటదు. తర్వాత అరగదీసి, రెండువైపులా ప్రైమర్ కొట్టి, అతుకుల మీద సీలర్ పూయాలి. మొదలుపెట్టే ముందే బ్యాటరీ తీసేసి, లోపలి కార్పెట్టు, దాని కింది మెత్తటి గుడ్డ, వైర్లు అన్నీ పక్కకు లాగాలి. నిప్పురవ్వ పడేది సరిగ్గా అక్కడే.

అన్నీ మూసేయాలని కాదు. వైర్లు పోయే బెజ్జాలకు రబ్బరు గ్రోమెట్లు ఉండాల్సిందే, లేకపోతే రేకు అంచు వైరు తొడుగును కోసేసి షార్టవుతుంది. వాననీళ్లు జారడానికి కంపెనీ వదిలినవి ముట్టుకోకూడదు. విదేశాల్లో ప్రదర్శనకు పెట్టే కార్లకు ఈ గోడను అద్దంలా నున్నగా చేసి మెరిపిస్తారట. మనకు ఆ మెరుపు అక్కర్లేదు, గాలి దూరకుంటే చాలు.

చూసుకోవడం కూడా తేలికే. రాత్రిపూట బానెట్ ఎత్తి ఇంజన్ వైపు బల్బు పెట్టి, లోపల చీకట్లో కూర్చుంటే వెలుగు ఎక్కడెక్కడ దూరుతోందో కనిపిస్తుంది. మా బండికి నేనే కూర్చుని లెక్కపెట్టాను, పదకొండు. మ్యూజిక్ సిస్టమ్‌కు తీసిపెట్టిన డబ్బు ఇప్పుడు వెల్డర్‌కు పోతోంది. ఏసీ పెట్టించాలా వద్దా అని మరిది ఇంకా తేల్చుకోలేదు కాబట్టి రెండు బెజ్జాలు అలాగే ఉన్నాయి. అవి తేలేదాకా కొండగట్టుకు బండి పూజకు పోయేది లేదని అత్తమ్మతో కూడా చెప్పించాను.