వెనక తలుపు బీడింగు

క్రితం సంచికలో ఊరగాయల గురించి రాసి, ఇంట్లో ఆడవాళ్ళ చేత అక్షింతలు వేయించుకున్నాను. ఈసారి బుద్ధిగా నాకు తెలిసిన సంగతే రాస్తాను. మా హోసూరు ఇంటి షెడ్డులో ఏళ్ళ తరబడి దుప్పటి కప్పుకుని పడుకున్న స్టాండర్డ్ హెరాల్డు కారు సంగతి.

నాయన దాన్ని 1975లో కృష్ణగిరిలో ఒక డాక్టరుగారి దగ్గర కొన్నారు. ఇప్పుడాయనకు 84 ఏళ్ళు, చూపు బాగా మందగించింది. "నేనుండగానే ఒక్కసారి దాంట్లో కృష్ణగిరికి పోయొద్దాం రా" అన్నారు పోయిన సంక్రాంతికి. ఆ మాటతో దుప్పటి తీశాను.

ఇంజను అనుకున్నంత ఏడిపించలేదు. టింకరింగు, పెయింటు కూడా అయ్యాయి. చిక్కంతా చిల్లర సామాను దగ్గరే వచ్చింది. తలుపుల రబ్బర్లు, అద్దాల చుట్టూ బీడింగు, తళతళలాడే పట్టీలు, డిక్కీ మీది పేరు బిళ్ళ. ఇవి లేకపోతే కారు నడవదా అంటారేమో. నడుస్తుంది. మొదటి వాన పడ్డాక సీట్లు పిండుకోవాలి, అంతే.

ఈ కారును చూడని పిల్లల కోసం రెండు మాటలు. ఇంగ్లండులో ట్రయంఫ్ వారు 1959లో తెచ్చిన హెరాల్డును, మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుంచి మన దేశంలో చేశారు. 948 సీసీ ఇంజను. రూపం దిద్దినవాడు ఇటలీకి చెందిన మికెలొట్టి. ఇదే ఛాసిస్‌ను కురచ చేసి ట్రయంఫ్ వారు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. ఆ బంధుత్వమే నాకు కలిసొచ్చింది. స్పిట్‌ఫైర్‌ను బిడ్డలా చూసుకునేవాళ్ళు ఇంగ్లండులో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ కోసం పాత నమూనా ప్రకారం కొత్త సామాను చేయించి అమ్మే అంగళ్ళూ ఉన్నాయి. వాటిలోనే హెరాల్డు సామానూ దొరుకుతుంది. ముందు అద్దం రబ్బరు అక్కణ్ణుంచే తెప్పించాను. కస్టమ్స్ సుంకం కట్టిన రోజు మా ఆవిడ మొహం వైపు చూడలేదు. రబ్బరు మాత్రం చక్కగా కూర్చుంది.

వెనక తలుపుల దగ్గర బండి ఆగింది. ఇంగ్లండు హెరాల్డుకు ఉన్నవి రెండే తలుపులు. నాలుగు తలుపుల హెరాల్డు 1960ల చివర మన మద్రాసులో పుట్టింది, మరే దేశంలోనూ చేయలేదు. మా కారు ఆ రకం. మద్రాసు కంపెనీ 1980ల చివరికి కార్లు చేయడం మానేసింది. ఇక వెనక తలుపు బీడింగుకు పుట్టినిల్లూ లేదు, మెట్టినిల్లూ లేదు.

బెంగుళూరు జేసీ రోడ్డు తిరిగాను. చెన్నై పుదుపేటలో పాత సామాను అంగళ్ళు తిరిగాను. అక్కడ ఒకాయన ఎంతో దయగా "అంబాసిడర్‌ది ఉంది సార్, కోసుకుని పెట్టుకోండి" అన్నాడు.

మన హోసూరు బళ్ళ ఊరు. 1980లో అశోక్ లేలాండ్ వచ్చింది. అదే ఏడు టీవీఎస్ మోపెడ్లూ మొదలయ్యాయి. సందుసందునా విడిభాగాలు చేసే షెడ్లే. రబ్బరు షెడ్డుకు పోతే "ఎన్ని మీటర్లన్నా?" అని అడిగారు. పది అన్నాను. "ఐదువందలైతే డై కొట్టిస్తాం" అని టీ ఇచ్చి పంపారు. గేటు దాకా వచ్చిన కుర్రవాడే దారి చూపించాడు. పాత బీడింగును బ్లేడుతో అడ్డంగా కోసి, కోసిన ముఖానికి ఇంకు పూసి కాగితం మీద ముద్ర వేయమన్నాడు. ఆ ముద్ర పట్టుకుని బస్సు బాడీలు కట్టేవాళ్ళ దగ్గర పట్టీలన్నీ పోల్చాం. ఒకటి దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. తలుపుకు స్పాంజిలా నొక్కుకునే రకం, అద్దానికి గట్టి రకం తీసుకోవాలి. ఇ.పి.డి.ఎం. రబ్బరయితే మన ఎండకు తొందరగా పగుళ్ళివ్వదు.

పేరు బిళ్ళ విషయంలో తప్పు నాదే. మెరుగు పెట్టించే ముందు అది ఏ లోహమో చూసుకోవాలి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. అంటకపోతే వెనకవైపు కాస్త గీకాలి. పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి, దాన్ని ధైర్యంగా ఇవ్వొచ్చు. బూడిదరంగులో బరువుగా ఉంటే జింకు పోత, దాన్ని ఎక్కువ రుద్దకూడదు. మాది జింకు. నేను చూడలేదు, చెప్పలేదు, ఫోటో కూడా తీసుకోలేదు. అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చింది. నాయన వేలితో తడిమి, "అక్షరాలేవిరా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆయనే వెనక సీట్లో కూర్చుని కొత్త రబ్బరు వేసిన తలుపు లాగారు. మెత్తగా 'ధప్' మని మూసుకుంది. మళ్ళీ తెరిచి మళ్ళీ మూశారు. "శబ్దం మన కారుదే" అన్నారు.

కుడివైపు వెనక తలుపు మీది మెరుపు పట్టీ ఇంకా దొరకలేదు. మీ ఇంట్లోగానీ, చుట్టాల షెడ్డులోగానీ నాలుగు తలుపుల హెరాల్డు ఉంటే సంఘం కార్యాలయానికి ఒక ముక్క రాయండి. పట్టీని ఊడదీయమనను, అమ్మమనను. మీ ముందే కాగితం మీద కొలత గీసుకుని వస్తాను. అది కృష్ణగిరి అయితే నాయనను కూడా వెంటబెట్టుకొస్తాను.