పాత బండి, కొత్త అబద్ధం

వాడిన కారు కొని మోసపోయినవాడిని మన లోకం ఓదార్చదు. ముందుగా తీర్పు చెబుతుంది: “చూసుకొని కొనుక్కోవద్దూ?” ఈ మాట మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. నిరుడు అది మా ఇంటిదాకా వచ్చింది కనుకనే ఈ టపా.

తాండూరులో ఉండే మా చిన్నమ్మ కొడుకు, తల్లిని నెలనెలా హైదరాబాదు ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికని వికారాబాదులో పాత వాహనాల వ్యాపారి ఒకరి దగ్గర కారు కొన్నాడు. వెల 3 లక్షల 40 వేలు. ఒకే యజమాని, 58 వేల కిలోమీటర్లు అని వ్యాపారి వాట్సాపులో రాసి మరీ పంపాడు. ఏడో వారంలో, తల్లి లోపల కూర్చుని ఉండగా, ధారూరు దగ్గర బండి ఆగిపోయింది. కంపెనీ సర్వీసు కేంద్రంలో పాత రికార్డు తీయిస్తే, అంతకు రెండేళ్ళ ముందే అది 1 లక్షా 21 వేల కిలోమీటర్లు తిరిగినట్టు తేలింది. నిలదీస్తే వచ్చిన జవాబు: “సూసుకునే గొంటివి గదా అన్నా. పాత బండంటే గట్లనే ఉంటది.”

ఈ జవాబు రెండు వేర్వేరు సంగతులను కావాలనే కలగలుపుతుంది. పాత బండికి గీతలుంటాయి, టైర్లు అరిగి ఉంటాయి. అందుకే వెల తక్కువ. మీటరు మాత్రం తనంతట తాను వెనక్కి తిరగదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఈ తేడాను స్పష్టంగానే గుర్తించింది. కొనేవాడు పరీక్షించి చూసి ఉంటే, ఆ పరీక్షలో కనబడవలసిన లోపాలకు అతడే బాధ్యుడు (16వ సెక్షన్). కానీ ఫలానాదని వర్ణించి అమ్మినప్పుడు సరుకు ఆ వర్ణనకు సరిపోయి తీరాలి (15వ సెక్షన్).

ఈ న్యాయం తాండూరుకు కొత్తదేమీ కాదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే చోట పండిన కందిని ఆ పేరుతో అమ్మితే, “బస్తా చూసే కదా కొన్నావు” అన్న మాటను మనం ఒప్పుకుంటామా? కంది విషయంలో ఒప్పుకోనిది కారు విషయంలో ఎందుకు ఒప్పుకోవాలి?

ఇక స్టాంపు కాగితం. “అన్నీ చూసుకొని, తృప్తి చెంది కొంటున్నాను” అన్న వాక్యం కింద సంతకం పెట్టించుకుంటారు. ఆ తృప్తి అబద్ధం మీద కలిగినదైతే దానికి విలువేమిటి? మోసంతో పొందిన సమ్మతి మీద నిలిచిన ఒప్పందాన్ని మోసపోయినవాడు రద్దు చేసుకోవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది.

సొంత కారును ఒకసారి అమ్ముకునే మామూలు మనిషి మీద వినియోగదారుల చట్టం పనిచేయదు, అక్కడ సివిల్ కోర్టే గతి. అమ్మకమే వృత్తిగా గలవాడి సంగతి వేరు. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం పొందాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. రెండేళ్ళలోపు, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. వెల 5 లక్షలు మించకపోతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఇంట్లో కూర్చునే అంతర్జాలంలో దాఖలు చేయవచ్చు. సలహాకు 1915 నంబరు ఉంది. తీర్పు ఆలస్యమవుతుందన్నది నిజమే. అయితే ఆ ఆలస్యాన్ని నమ్ముకునే కదా అవతలివాడు ధైర్యంగా ఉన్నాడు!

పెద్దమనుషులు కూర్చుని 20 వేలు ఇప్పిస్తామన్నారు. దానికి నేను నొచ్చుకోలేదు. నొచ్చుకున్నది మావాడి మాటకు. “ఎందుకన్నా ఈ లొల్లి? అదే మీటరు చూపెట్టి ఇంకెవరికన్నా అమ్మేస్త.” మంచివాడు, ఇంతవరకు ఎవరినీ పైసా ముంచనివాడు. “చూసుకొని కొనుక్కోవద్దూ” అన్న మన తీర్పు అతడికి నేర్పిన పాఠం ఇది. రేపు ఆ బండిలో తల్లిని ఎక్కించుకునేది మరొకడు.

ఆ రాత్రి ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. బండి ఇంకా అమ్మలేదు. వాట్సాపు సందేశాలు, సర్వీసు రికార్డు, రసీదు అచ్చు తీయించి నా బల్ల మీద పెట్టుకున్నాను. గడువు ఇంకా పదమూడు నెలలుంది.