కొంచెమేగా!

కొంచెమేగా అన్నారు.

ఆ కొంచెం ఎంతో చెప్పనా? చెంచాడు శిన్ని. బెంగాలీల ఇళ్లలో సత్యనారాయణ పూజకి గోధుమపిండి, పాలు, అరటిపండు, బెల్లం కలిపి చేత్తో పిసికి పెట్టే ప్రసాదం. మనం గోధుమనూకతో చేస్తాం, వాళ్లు పిండితో చేస్తారు. మా అమ్మాయికి రెండూ ఒకటే. తొమ్మిదేళ్ల పిల్ల. "నాకు గోధుమ పడదు మాసీమా" అని వాళ్ల భాషలోనే చెప్పింది. పక్కింటావిడ గడ్డం పట్టుకుని నోట్లో పెట్టేశారు. దేవుడి ప్రసాదం, ఏమీ కాదన్నారు. అక్కడున్న మన తెలుగువాళ్లు ముగ్గురూ తలలూపారు.

రెండు గంటలు పట్టలేదు.

ఆ రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా బాత్‌రూం గడప మీద కూర్చున్నాను. పిల్ల స్టీలు బకెట్ అంచు రెండు చేతులా పట్టుకుని వాంతి చేసుకుంటోంది. కడుపులో ఏమీ మిగల్లేదు. పచ్చటి పసరు వస్తోంది. వేళ్లు చల్లబడ్డాయి. పొట్ట డోలులా ఉబ్బింది. నాలుగోసారో అయిదోసారో అయ్యాక నా కొంగుతో మూతి తుడుచుకుని "సారీ అమ్మా" అంది.

సారీ అట!

మీరు చెప్పారా ఆ మాట? ఆ ముగ్గురిలో ఒక్కరైనా మర్నాడు ఫోన్ చేశారా?

పడదు అంటే మీకేం అర్థమైంది? వంకాయ పడదన్నట్టా? చన్నీళ్లు పడవన్నట్టా? ఈ జబ్బు పేరు సీలియాక్. గోధుమలో, బార్లీలో, రైలో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్తే, మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మన చిన్నపేగు మీద పడుతుంది. పేగు లోపలి గోడ నిండా మఖమల్ గుడ్డ మీది నూగులాగా సన్నటి మొలకలుంటాయి. తిన్న అన్నంలోని సారాన్ని పీల్చేవి అవే. అవి అరిగిపోతాయి. అప్పుడు పిల్లకి ఎంత పెట్టినా ఒంటబట్టదు. రక్తం తగ్గుతుంది, ఎత్తు ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. రక్తపరీక్ష చేసి, గొంతులోంచి గొట్టం దింపి పేగు ముక్క తీసి చూసి మరీ మాకు ఈ సంగతి చెప్పారు. మీరేమో పిల్ల మొహం చూసి, బాగానే ఉందిగా అంటారు.

మందు లేదు. విన్నారా? ఇవ్వాళ్టికీ మందు లేదు. బతికినన్నాళ్లూ గ్లూటెన్ నోట్లోకి పోకుండా చూసుకోవడం ఒక్కటే వైద్యం. ఒక్క బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అందులో నలభయ్యో వంతు, అంటే 50 మిల్లీగ్రాములు, రోజూ మూడు నెలలు లోపలికి వెళ్తే చాలు, పేగు దెబ్బతింటుందని 2007లోనే ఇటలీ పరిశోధకులు చూపించారు. మీ "కొంచెం" దీనికెన్ని రెట్లు?

కొత్త సంగతని తప్పించుకోకండి. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, హాలెండ్‌లో రొట్టె కరువైంది. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బున్న పిల్లలు కోలుకున్నారు. రొట్టె తిరిగొచ్చింది, జబ్బూ తిరగబెట్టింది. విల్లెం డికే అనే పిల్లల డాక్టరు 1950లో దీని మీద సిద్ధాంతగ్రంథమే రాశాడు. డెబ్బై అయిదేళ్లు దాటింది. ఇంకెప్పుడు తెలుసుకుంటారు?

అది ఉత్తరాది రొట్టెలవాళ్ల జబ్బు, అన్నం తినే మనకెందుకొస్తుంది అని మా బంధువుల్లోనే చదువుకున్నావిడ వాదించింది. 2016లో అచ్చయిన అధ్యయనం ప్రకారం ఉత్తరాదిలో నూటికి 1.23 మందికి, ఈశాన్యంలో 0.87 మందికి ఉంది. దక్షిణాదిలో 0.10. అంటే మనవాళ్లలో వెయ్యిమందికి ఒకరు. ఆ ఒకరు నా కూతురు. తక్కిన తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది మీరు. కాస్త జాగ్రత్త పడమంటే మీకొచ్చిన కష్టమేమిటి?

ఇక చెప్తున్నాను, వినండి. మైదా లూచీలు వేగిన నూనెలోనే బంగాళాదుంపలు వేయించి ఆలూయే కదమ్మా అన్నారు, చేపకి బిస్కట్ పొడి అద్దారని తిన్నాక చెప్పారు, ఫ్రైడ్ రైస్‌లో సోయా సాస్ గుమ్మరించి అన్నమేగా అన్నారు, ఆ సాస్‌లో గోధుమ ఉంటుందంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు, సంక్రాంతికి పాటిషాప్టా బియ్యప్పిండిదే అని ఒట్టేసి అందులో మైదా కలిపారు, పరాటా కాల్చిన పెనం మీదే దోసె పోశారు, గోధుమలు ఆడిన మరలోనే మా బియ్యం పోసి పిండి పట్టారు, బొంబాయి రవ్వ గోధుమది కాదని నాతోనే పోట్లాడారు, ఇంగువలో పిండి కలుపుతారని డబ్బా మీద అచ్చేసి ఉన్నా తిప్పి చూడకుండా పప్పులో వేశారు, వేసి వేయలేదన్నారు, క్లాసులో పుట్టినరోజు కేకు పంచుతుంటే పిల్లని వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టారు, మూడు రోజులు బడికి రాకపోతే దొంగనొప్పులన్నారు, పెళ్లికి వెళ్తే తిండి పెట్టట్లేదా ఇంత చిక్కిపోయిందేమిటని నలుగురిలో అడిగి ఆ నోటితోనే లడ్డూ తినిపించబోయారు, వద్దని చెయ్యి అడ్డం పెడితే పెంపకం బాగాలేదన్నారు, దీన్ని రేపు ఎవరు చేసుకుంటారని పిల్ల ఎదురుగానే అన్నారు.

పిల్ల ఎదురుగా!

పొరపాటున లోపలికి పోయాక ఏం చేస్తామో ఎప్పుడైనా అడిగారా? విరుగుడు లేదు. వాము కషాయం తాగించమంటారు, ఎంజైము మాత్ర వేయమంటారు. అవేవీ ఆ గోధుమని వెనక్కి తీసుకురాలేవు. వాంతులయ్యే పిల్లకి ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో పట్టాలి. ఒకేసారి పడితే అదీ బయటికొస్తుంది. వేడినీళ్ల సంచి పొట్ట మీద పెట్టాలి. తేరుకున్నాక గంజి, మెత్తటి అన్నం. మూడు రోజులు పడుకునే ఉంటుంది. అయిదో ఎక్కం దగ్గర ఆగిపోయి "తలలో మబ్బు పట్టింది అమ్మా" అంటుంది. నోట్లో పుళ్లు. వారం దాటినా మెట్లెక్కితే ఆయాసం. మీ లెక్కలో అది ఒక రాత్రి వాంతులు.

ఒళ్లు తేరుకుంటుంది సరే, మనసో? ఇప్పుడు నా చేతి ముద్ద కూడా వాసన చూసి తింటోంది. అన్నం పెట్టే కన్నతల్లిని "నిజంగా లేదా అమ్మా?" అని రెండుసార్లు అడుగుతోంది. ఎవరింటికైనా వెళ్తే కడుపు కరకరలాడుతున్నా "ఆకలి లేదు ఆంటీ" అనడం నేర్చుకుంది. ఆ అబద్ధం దానికి నేర్పిందెవరు?

నేనూ తప్పు చేశాను. ఆ శిన్ని చెంచా పైకి లేచినప్పుడు నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. మొహమాటపడ్డాను. పెద్దావిడ, పూజ, నలుగురూ ఉన్నారు అనుకున్నాను. ఆ మొహమాటం ఖరీదు నేను బాత్‌రూం గడప మీద చూశాను. ఇక నాకు మొహమాటం లేదు. ఎవరేమనుకున్నా చెయ్యి పట్టుకుని ఆపుతాను.

చేతకాక చేయరనుకుందామా? కోల్‌కతాలో లేక్ మార్కెట్ దగ్గర ఒక ఫుచ్కా (పానీపూరి) బండివాడున్నాడు. బిహారు నుంచి వచ్చినవాడు. ఫుచ్కాలంటేనే గోధుమ, రవ్వ. నేను భయపడుతూనే అడిగాను. అతను ఒక్కటే ప్రశ్న వేశాడు: "తాకినా పడదా?" పడదన్నాను. బండి వదిలి కుళాయి దగ్గరికెళ్లి మోచేతుల దాకా కడుక్కొచ్చాడు. తొక్క తీయని ఉడికిన దుంపలు అడుగునుంచి తీశాడు. ఉప్పు, జీలకర్ర పొడి పొట్లం నేనే ఇచ్చాను, చింతపండు నీళ్లూ నావే. కొత్త ఆకుదొన్నెలో ఆలూకాబ్లీ కలిపి, ఫుచ్కాల బుట్టకి దూరంగా చెయ్యి చాపి అందించాడు. మూడు నిమిషాలు పట్టింది. బేరం ఆగింది. వెనకున్నవాళ్లు విసుక్కున్నారు. అతను వాళ్లకి "బచ్చీ హై" అన్నాడు, అంతే.

మీకా మూడు నిమిషాలు లేవా?

గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే ప్యాకెట్ మీద రాయాలని 2020 నిబంధనలున్నాయి. గ్లూటెన్ లేదని అమ్మాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ గిన్నె మీద ఎవరు రాస్తారు? మీరు వడ్డిస్తూ చెప్పే మాటే మాకు ఆధారం. ఆ మాట కూడా అబద్ధమైతే ఈ పిల్ల ఎవరి మొహం చూసి తినాలి?

మొన్న దుర్గాపూజ అష్టమి నాడు పందిట్లో భోగ్ పెట్టారు. బియ్యం, పెసరపప్పు కిచిడీ. అందులో గోధుమ లేదు. పిల్లకీ తెలుసు. ఏడాదంతా ఎదురుచూసింది ఆ ఒక్క భోజనం కోసం. ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వడ్డించే ఆవిడ గరిటె వంచబోతుంటే చిన్న గొంతుతో అడిగింది, "ఇంగువ వేశారా?"

ఆవిడ నవ్వింది. ఇంత చిన్నపిల్లకి ఎంత పెద్ద అనుమానమో అంది. పక్క వరసలో నవ్వారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్ల ఒక్క క్షణం చూసి, ఆకు మడిచి, లేచి నా దగ్గరికొచ్చేసింది.

ఆ వరసలో మీరు ఎక్కడ కూర్చున్నారు?