మంచు ట్రిప్ చౌకగా అవ్వాలంటే.. మిర్చి రైతు ఇంటికి సరైన టైమ్ జనవరి కాదు, ఏప్రిల్ ఆఖరు!

చలికాలం వస్తే చాలు, ఫోన్‌లో రీల్స్ అన్నీ మంచుతో నిండిపోతాయి. గుల్మార్గ్‌లో కేబుల్ కార్, సోలంగ్‌లో స్కీయింగ్, మనాలి రోడ్డు మీద స్నోఫాల్. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, దర్శి.. ఏ ఊళ్లో చూసినా పిల్లల నుంచి ఒకటే డిమాండ్: ఒక్కసారి మంచు చూపించండి!

దాని వెంటే ప్యాకేజీల ప్రకటనలు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు, తలకు ఇంత అని ఓ రేటు. కానీ పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిర్చి మీద బతికే ఇంటికి ఈ ట్రిప్ అందుతుందా లేదా అన్నది ప్యాకేజీ రేటు ఒక్కటే తేల్చదు. ఏ వారంలో వెళ్తున్నారన్నదే సగం ఖర్చును తేలుస్తుంది. ఎలాగో చూద్దాం.

కోతల సీజన్, మంచు సీజన్.. రెండూ ఒకేసారి

మన దేశంలో స్కీయింగ్ చేసేంత మంచు ఉండేది సుమారు డిసెంబర్ ఆఖరు నుంచి మార్చి మొదటి వారాల వరకే. సరిగ్గా అదే టైమ్‌లో ఇక్కడ మిర్చి కోతలు. జనవరిలో ఊపందుకుని ఏప్రిల్ దాకా సాగుతాయి. కూలీల కోసం వెతుకులాట, కల్లాల్లో కాయ ఆరబెట్టడం, అకాల వాన పడితే పట్టాలు కప్పడం, తాలు ఏరడం, టిక్కీలు కట్టి యార్డుకు తోలడం. కల్లం దగ్గర రాత్రిపూట ఇంటి మనిషి ఒకరు కాపలా ఉండాల్సిందే. పత్తి ఆఖరి తీతలు కూడా అప్పుడే.

ఇక సంక్రాంతి సెలవులంటారా? బడికి దాదాపు పది రోజులే వస్తాయి. విజయవాడ నుంచి ఢిల్లీకి రైలులో ఒక రోజు పైనే పడుతుంది. అక్కడి నుంచి మనాలికి రాత్రంతా బస్సు. అంటే పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. పైగా అది పెద్ద పండుగ. కూతుళ్లు, అల్లుళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే పిల్లలు అందరూ ఊరికి వచ్చే వారంలో ఇంటికి తాళం వేసి మనాలి వెళ్లే కుటుంబాలు ఎన్ని?

జనవరిలో వెళ్తే మంచు గ్యారంటీనా?

అదీ లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ కొండలు మంచు లేక ఎండిపోయి కనిపించాయి. ఆ ఫొటోలు దేశమంతా వైరల్ అయ్యాయి. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలు సరిపడా మంచు లేక వాయిదా పడ్డాయి. చివరికి మార్చిలో జరిగాయి. జాతీయ స్థాయి పోటీలకే ఇలా అయినప్పుడు, మూడు రోజుల కోసం వెళ్లే కుటుంబానికి మంచు దొరుకుతుందని ఎవరు హామీ ఇస్తారు?

క్రిస్మస్, న్యూ ఇయర్ రోజుల్లో అయితే రూమ్ రేట్లు చుక్కల్లో ఉంటాయి. మంచు ఉన్నా లేకపోయినా అద్దె మాత్రం తగ్గదు.

మరి ఏప్రిల్ ఆఖరులో ఏముంది?

ఇక్కడే తెలుగు కుటుంబాలకు ఒక వెసులుబాటు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో బడులకు వేసవి సెలవులు తొందరగా మొదలవుతాయి. 2025లో ఏప్రిల్ 24 నుంచే ఇచ్చేశారు. ఢిల్లీ ప్రభుత్వ బడులకు అదే ఏడాది వేసవి సెలవులు మొదలైంది మే 11న. మనాలి హోటళ్లను నింపేది ఎక్కువగా ఢిల్లీ, పంజాబ్, హర్యానా కుటుంబాలే. వాళ్ల పిల్లలకు సెలవులు రాకముందే మన పిల్లలు ఖాళీగా ఉంటారు. అంటే సుమారు రెండు వారాల పాటు హోటళ్లు, ట్యాక్సీలు ఇంకా పూర్తి సీజన్ రేటుకు ఎక్కవు. మే ఆఖరులో, జూన్‌లో ఇవే రూముల కోసం పోటీ పెరుగుతుంది.

మిర్చి కోతలు కూడా అప్పటికి చివరికి వస్తాయి. కాయ కొంత అమ్ముడై, కొంత కోల్డ్ స్టోరేజీకి చేరి ఉంటుంది. చేతిలో ఎంత మిగిలిందో తేలే సమయమూ అదే. ఒక్క జాగ్రత్త: మే 1 చుట్టూ లాంగ్ వీకెండ్ పడితే ఆ రెండు మూడు రోజులు రద్దీ ఉంటుంది. వారం మధ్యలో చేరేలా ప్లాన్ చేసుకుంటే మేలు.

అప్పటికి మంచు ఎక్కడ ఉంటుంది?

మనాలి టౌన్‌లో ఉండదు. సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉండే ఆ ఊళ్లో ఏప్రిల్ ఆఖరుకి స్వెటర్ వేసుకునే చలి మాత్రమే ఉంటుంది. సోలంగ్‌లోనూ అప్పటికి మంచు కరిగిపోతుంటుంది. అయితే 2020 అక్టోబర్ 3న ప్రారంభమైన అటల్ టన్నెల్ లెక్క మార్చేసింది. 9.02 కిలోమీటర్ల ఈ సొరంగం దాటితే లాహౌల్ వైపు బయటపడతారు. అక్కడి నుంచి కోక్సర్ వైపు వెళ్తే ఏప్రిల్‌లోనూ మంచు పట్టున్న చోట్లు దొరుకుతాయి. పిల్లలు ఆడుకోవడానికి, స్లెడ్జ్ ఎక్కడానికి అది చాలు.

రోహ్‌తాంగ్ పాస్ ఎత్తు 3,978 మీటర్లు. పర్యాటకులకు సాధారణంగా మే నెలలోనే తెరుచుకుంటుంది. దానికి ఆన్‌లైన్ పర్మిట్ కావాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలతో రోజుకు 1,200 వాహనాల పరిమితి ఉంది. మంగళవారం టూరిస్టు వాహనాలను అనుమతించరు. ఇది తెలియక మంగళవారం మనాలిలో దిగి, ఒక రోజు అద్దె అదనంగా కట్టేవాళ్లు ఉంటారు.

గుల్మార్గ్‌లో కేబుల్ కార్ రెండు దశల్లో ఉంటుంది. మొదటిది కొంగ్‌డూరి వరకు. రెండోది అఫర్వాట్ శిఖరం దగ్గరకు, దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు. ఏప్రిల్ ఆఖరులో మంచు కావాలంటే రెండో దశ టికెట్ తీసుకోవాల్సిందే. టికెట్లు జమ్మూకశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ముందుగా బుక్ చేసుకోకుండా అక్కడికి వెళ్తే దళారుల చేతిలో పడే ప్రమాదం ఉంది. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుంది కాబట్టి గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పెద్దవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఎక్కాలి.

కశ్మీర్ విషయంలో ఇంకో ప్రశ్న కూడా ప్రతి ఇంట్లో వస్తుంది. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దాడిలో 26 మంది చనిపోయారు. మృతుల్లో ఆంధ్రప్రదేశ్‌ వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత జమ్మూకశ్మీర్ ప్రభుత్వం 87 పర్యాటక ప్రాంతాల్లో 48 మూసేసి, తర్వాత దశలవారీగా తెరిచింది. మరోపక్క 2025 జూన్ 6న కట్రా - శ్రీనగర్ వందే భారత్ రైలు ప్రారంభమైంది. చీనాబ్ వంతెన మీదుగా వెళ్లే ఈ రైలుతో విమానం ఎక్కకుండానే శ్రీనగర్ చేరొచ్చు. ఖర్చు తగ్గే దారి వచ్చింది. భయం తగ్గిందా లేదా అన్నది ఎవరి ఇంటి నిర్ణయం వాళ్లది. బుకింగ్‌కు ముందు క్యాన్సిలేషన్ షరతులు చదవడం మాత్రం ఇక్కడ తప్పనిసరి.

ఉత్తరాఖండ్‌లోని ఔలి పేరు కూడా ప్యాకేజీల్లో కనిపిస్తుంది. 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్‌కు వేదికైన చోటు అది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగడంతో అక్కడి నుంచి ఔలి వెళ్లే రోప్‌వేను ఆపేశారు. ప్యాకేజీలో రోప్‌వే అని రాసి ఉంటే, ఇప్పుడు నడుస్తోందా అని అడగకుండా డబ్బు కట్టకూడదు.

స్కీయింగ్ వేరు, మంచు చూడటం వేరు

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. గంటసేపు స్కీలు కట్టుకుని, గైడ్ చేయి పట్టుకుని నాలుగు అడుగులు జారితే అది ఫొటోకి పనికొస్తుంది, నేర్చుకున్నట్టు కాదు. నిజంగా నేర్చుకోవాలంటే జనవరి - మార్చి మధ్యలోనే వెళ్లాలి. అందుకు ప్రభుత్వ సంస్థలున్నాయి. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖకు చెందిన స్కీయింగ్ సంస్థ శీతాకాలంలో కోర్సులు నడుపుతాయి. కాలేజీ చదివే పిల్లలు ఒకరిద్దరికి ఆసక్తి ఉంటే, ఇంటిల్లిపాదీ జనవరిలో కదలడం కన్నా వాళ్లను మాత్రమే కోర్సుకు పంపడం మంచి లెక్క. మిగతావాళ్లకు ఏప్రిల్ ట్రిప్ చాలు.

బడ్జెట్ రూపాయల్లో కాదు, క్వింటాళ్లలో చూస్తే..

నలుగురి కుటుంబం రైలు, బస్సు, సాదా రూములతో ట్రిప్‌కు 60 వేలు పక్కన పెట్టుకుందని అనుకుందాం. 2023, 2024 సీజన్లలో మేలు రకం మిర్చి క్వింటా 20 వేలు దాటింది. అప్పుడు ఈ ట్రిప్ ఖరీదు మూడు క్వింటాళ్లు. 2025లో ధర కూలిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ప్రకటించాల్సి వచ్చింది. ఆ లెక్కన ఐదు క్వింటాళ్లు పైనే. పత్తిలో చూస్తే, 2025-26లో పొడవు పింజ రకం మద్దతు ధర రూ.8,110. ఏడు క్వింటాళ్లకు పైగా తూకం వేస్తేగానీ ట్రిప్ డబ్బు రాదు.

అంటే మనాలిలో రేటు ఒక్క రూపాయి పెరగకపోయినా, మిర్చి ధర పడితే ఇదే ట్రిప్ ఖరీదు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. సొంత పొలం ఉన్నవాళ్లకు అది కొంత లోటు. కౌలు రైతుకు కౌలు, పెట్టుబడి వడ్డీ పోయాక మిగిలేదే తక్కువ. అలాంటి ఇంట్లో 'ఇప్పుడు వెళ్లండి, తర్వాత కట్టండి' అనే ఈఎంఐ ప్యాకేజీ, బంగారం తాకట్టు పెట్టి వెళ్లే ట్రిప్ రెండూ ఒకటే. ఆ వాయిదాలు జూన్, జూలైలో విత్తనాలు, ఎరువులు కొనే టైమ్‌కే వచ్చి మీద పడతాయి. ధర దక్కని ఏడాది ట్రిప్ వాయిదా వేయడమే లాభం. మంచు వచ్చే ఏడాదీ పడుతుంది.

మిర్చి యార్డు మీద ఆధారపడ్డ వ్యాపారులు, గుమస్తాల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. యార్డుకు వేసవి సెలవులు మే, జూన్ నెలల్లోనే. వాళ్లకు దొరికేది ఖరీదైన సీజనే. కాబట్టి వాళ్లు రూములు అందరికన్నా ముందే పట్టుకోవాలి.

డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

- రైలు రిజర్వేషన్ గడువు 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులకు తగ్గింది. ఏప్రిల్ 24న బయల్దేరాలంటే టికెట్లు తెరుచుకునేది ఫిబ్రవరి 23న.
- 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకు విడిగా బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. హాఫ్ టికెట్ అనుకుని లెక్క వేస్తే తప్పుతుంది.
- రోజుకు రూ.7,500 వరకు అద్దె ఉన్న హోటల్ రూముపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఇంకా 12 వేస్తే అడగాలి.
- ప్యాకేజీలో కేబుల్ కార్ టికెట్, కోటు - బూట్ల అద్దె, లోకల్ ట్యాక్సీ ఉన్నాయా? చాలా ప్యాకేజీల్లో ఈ మూడూ విడిగానే ఉంటాయి. మంచు దగ్గరకు వెళ్లాక అసలు ఖర్చు ఇక్కడే.
- వేసవి కాదని రేటు తక్కువ ఉన్న జూలై, ఆగస్టులకు మారొద్దు. 2023 జూలైలో, 2025 ఆగస్టులో వరదలకు మనాలి హైవే కొట్టుకుపోయింది.

అంత దూరం వద్దనుకుంటే?

'ఆంధ్రా కశ్మీర్' అని పిలిచే లంబసింగి ఉంది కదా అంటారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని ఈ ఊళ్లో చలికాలం ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పడుతుంది. తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా కనిపించేది గడ్డకట్టిన మంచు బిందువులే. పొగమంచు బ్రహ్మాండంగా ఉంటుంది, స్నోఫాల్ మాత్రం ఉండదు. రీల్స్ చూసి స్కీయింగ్ ఊహించుకుని వెళ్తే పిల్లలు నిరాశపడతారు. చలి, కాఫీ తోటలు, మేఘాలు చూడటానికైతే ఇంతకన్నా చవకైన చోటు దగ్గర్లో లేదు.

అసలు మంచే కావాలనుకునే ఇంట్లో మాత్రం ఫిబ్రవరిలోనే రెండు పనులు కావాలి. ఒకటి, మొదటి కోతల కాయ ఏ ధరకు పోయిందో చూసుకుని ట్రిప్‌కు ఎంత తీయగలరో తేల్చుకోవడం. రెండు, ఆ మొత్తం సరిపోతుందనుకుంటే టికెట్లు తెరుచుకున్న రోజే రైలు బుక్ చేయడం. అప్పటికి సరిపోకపోతే పిల్లలకు అదే మాట ముందే చెప్పేయొచ్చు.